దోమలకు వైరస్ సోకించే ప్రయోగ పద్ధతులు: చరిత్ర

ఏ దోమ ఏ వైరస్‌ను మోయగలదో, ఎన్నాళ్లకు మరొకరికి అంటించగలదో తేల్చడానికి ప్రయోగశాలలో వాడే పద్ధతులివి. దోమకు రక్తం ఎలా పట్టించాలన్నదే వీటన్నిటికీ మూలమైన సమస్య.

రోగి రక్తంతో

దారి చూపింది మలేరియా. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్, ప్రయోగశాలలో పెంచిన దోమలను హుస్సేన్ ఖాన్ అనే రోగిపై వదిలి కుట్టించాడు. కొన్నాళ్లాగి వాటి కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు.

వైరస్‌ల విషయంలో తొలి మెట్టు హవానా. ఎల్లో ఫీవర్‌ను దోమే మోస్తుందని కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పినా రుజువు దొరకలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం ఆయన ఇచ్చిన గుడ్లతోనే దోమలను పెంచింది. జ్వరం వచ్చిన తొలి మూడు రోజుల్లోనే దోమ రోగిని కుట్టాలనీ, ఆపైన సుమారు 12 రోజులు గడిస్తేనే అది వ్యాధిని అంటించగలదనీ తేల్చింది. ఫిన్లే ప్రయోగాలకు అడ్డుపడింది ఈ గడువే. ఈ పరిశోధనలో ఆ బృందంలోని జెస్సీ లజీర్ ఆ జ్వరంతోనే కన్నుమూశాడు.

1927లో పశ్చిమాఫ్రికాలో ఏడ్రియన్ స్టోక్స్ బృందం వైరస్‌ను రీసస్ కోతులకు ఎక్కించగలిగింది. దాంతో ప్రయోగాలకు మనుషులను వాడాల్సిన అవసరం తగ్గింది. ఆ ఏడే స్టోక్స్‌నూ ఎల్లో ఫీవర్ బలి తీసుకుంది.

సూదితో

1935లో మెరిల్, టెన్‌బ్రోక్ ఒక కీలక విషయం గమనించారు. గుర్రాలకు మెదడువాపు తెచ్చే ఒక వైరస్ ఏడిస్ ఈజిప్టై దోమ కడుపు దాటలేదు. రక్తం తాగిన దోమ పొట్టను సూదితో గుచ్చితే మాత్రం అది వ్యాధిని అంటించగలిగింది. అసలు అడ్డుగోడ పేగేనని అలా తెలిసింది.

1974లో రోజెన్, గబ్లర్ దోమ ఛాతీలోకి సూదితో నేరుగా ఎక్కించి డెంగీ వైరస్‌ను పెంచి, గుర్తించే పద్ధతిని వివరించారు. తరువాత ఈ పనికి టాక్సోరింకైటిస్ దోమలను ఎంచుకున్నారు. ఇవి పెద్దవి, పైగా రక్తం తాగవు. కాబట్టి ఒకటి తప్పించుకున్నా ఎవరినీ కుట్టదు. అయితే సూది పేగును తప్పించేస్తుంది. కనుక ఈ పద్ధతి వైరస్‌ను పెంచడానికి పనికొస్తుందే తప్ప, ఆ దోమ సహజంగా వ్యాధిని మోస్తుందని రుజువు చేయదు.

పొర మీదుగా

1964లో రట్లెడ్జ్, వార్డ్, గౌల్డ్ గాజు పరికరాన్ని వర్ణించారు. అందులో వెచ్చని నీరు ప్రవహిస్తూ రక్తాన్ని ఒంటి వేడిలో ఉంచుతుంది. అడుగున పలుచని పొర బిగిస్తారు. దోమలు దాన్ని చర్మమనుకొని తొండం గుచ్చి తాగుతాయి. ఆ తర్వాత పేగులోను, కాళ్లలోను, లాలాజలంలోను వైరస్ కోసం వెతుకుతారు. లాలాజలంలో కనిపిస్తేనే దోమ వ్యాధిని అంటించగలదన్న మాట.

వోల్బాకియా బ్యాక్టీరియా ఉన్న ఏడిస్ దోమల్లో డెంగీ వైరస్ సరిగా పెరగదని 2009లో వెల్లడించింది ఇలాంటి ప్రయోగశాల పరీక్షలే. 2011లో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ ప్రాంతంలో ఆ దోమలను వదిలిపెట్టారు. వ్యాధి ఎలా అంటుతుందో తెలుసుకోవడానికి పుట్టిన పద్ధతులు ఇప్పుడు దాన్ని అడ్డుకునే దారిని కూడా చూపుతున్నాయి.