‘కేవలం’ అనే మాట

చట్టంలోని ఒక్క మాటే ఒక్కొక్కప్పుడు దాని వర్గస్వభావాన్ని బయటపెడుతుంది. వ్యక్తుల వివరాలను బట్టి యంత్రం చేసే నిర్ణయాల మీద ఐరోపాలో వచ్చిన శాసనాల చరిత్రే ఇందుకు నిదర్శనం.

పౌరుల వివరాలన్నిటినీ ఒకే సంఖ్యతో కంప్యూటర్లలో ముడివేయాలన్న ఫ్రెంచి ప్రభుత్వ పథకాన్ని 1974లో ‘లె మోండ్’ పత్రిక బయటపెట్టింది. ఆ ఆందోళన ఫలితమే 1978 నాటి చట్టం. మనిషి నడవడిని అంచనా కట్టే కోర్టు తీర్పుకు యంత్రం గీసిన వ్యక్తిత్వచిత్రం ఆధారం కాకూడదని అది శాసించింది. కాని కచేరీల దగ్గరకూ, కంపెనీల దగ్గరకూ వచ్చేసరికి ‘కేవలం’ దాని మీదనే ఆధారపడరాదని సరిపెట్టింది. పేదవాని బతుకు తేలేది ఎక్కువగా అక్కడనే గదా!

ఈ ‘కేవలం’ 1995 నాటి ఐరోపా ఆదేశంలోకీ, 2018 నుంచి అమలవుతున్న నిబంధనల 22వ అధికరణంలోకీ నడిచివచ్చింది. గుమాస్తా చేత ఒక సంతకం పెట్టించి, నిర్ణయం కేవలం యంత్రానిది కాదని వాదించే సందు మిగిలింది. 2023 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం ఆ సందును కొంత మూసింది. జర్మనీలో షూఫా సంస్థ వేసే ఋణార్హత మార్కు మీదనే బ్యాంకు గట్టిగా ఆధారపడితే, ఆ మార్కు వేయడమే నిర్ణయమవుతుందని తేల్చింది.

అదే ఏడు మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో యంత్రనిర్ణయాన్ని ఎదిరించే హక్కు ఊసే లేదు. ‘కేవలం’ అన్న మాటకైనా మనం నోచుకోలేదు. అర్జీ పెట్టి కాదనిపించుకున్నవాడు ఎవరిని నిలదీయాలి? జవాబు చెప్పే మనిషిని చూపించమనడమే మన తొలి కోర్కె కావాలని నా అభిప్రాయం.