షాపు కట్టేసే వేళ

1986లో రేపల్లె వైపు నగరం అనే ఊళ్ళో మందుల షాపు పెట్టాను. పగలంతా జ్వరం మాత్రలు, పిల్లల సిరప్పులు అమ్మేవాణ్ణి. రాత్రి షట్టరు సగం దించాక కొందరు ఒక్కరొక్కరే వచ్చేవాళ్ళు. ముందు తలనొప్పి మాత్ర అడిగేవాళ్ళు. చిల్లర చేతికిచ్చినా కదిలేవాళ్ళు కాదు. అప్పుడిక నేనే అడగాలి: "ఇంకేమన్నా కావాలా, బాబాయ్?"

అంగస్తంభన లోపం అనే మాట వాళ్ళ నోట ఏనాడూ వినలేదు. "నరాల బలహీనత" అనేవాళ్ళు. ఆ రెండు మాటల చాటున మా వైపు ఎన్ని వ్యాపారాలు సాగాయో నా కళ్ళతో చూశాను.

తెనాలి నుంచి రేపల్లె వచ్చే రైలు పెట్టెల్లో, బస్టాండు గోడల మీద ఎక్కడ చూసినా పోయిన మగతనం తెప్పిస్తామన్న కాగితాలే. నెలకో రోజు లాడ్జిలో గది తీసుకుని కూర్చునే డాక్టర్లు ఉండేవాళ్ళు. ఇలాంటి ప్రకటనలు నేరమని 1954లోనే చట్టం వచ్చినా కాగితాలు ఆగలేదు. బాపట్ల వైపు గాడిద మాంసం తింటే సత్తువ వస్తుందన్న నమ్మకం ఇప్పటికీ ఉంది. ఆహార నిబంధనలు గాడిదను తినదగ్గ జంతువుగా ఒప్పుకోవు. అయినా చాటుగా కోస్తున్నారు. 2012, 2019 పశుగణనల మధ్య మన రాష్ట్రంలో గాడిదలు సగానికి పైగా తగ్గాయి. దానికి ఈ మాంసం కూడా ఒక కారణం.

ఆ రోజుల్లో మాకు దారి చూపింది విజయవాడ డాక్టరు సమరం గారు. స్వాతి వారపత్రికలో ఆయన జవాబులు వచ్చిన పేజీని కౌంటరు కింద ఉంచి, అవసరమైనవాళ్ళ చేతిలో పెట్టేవాణ్ణి. చదువుతుంటే వాళ్ళ మొహాల్లో భయం తగ్గేది.

అసలు వైద్యం సంగతికొస్తే, ఈ సమస్యకు సూది మందు బిళ్ళ కంటే పాతది. పాపావరిన్ నల్లమందు నుంచి వచ్చిన పదార్థమే గానీ మత్తివ్వదు, రక్తనాళాలను సడలిస్తుంది. దాన్ని అంగంలోకి ఎక్కిస్తే స్తంభన వస్తుందని 1982లో పారిస్ సర్జన్ రొనాల్డ్ విరాగ్ ప్రకటించాడు. మరుసటి ఏడాది లాస్‌వేగాస్‌లో యూరాలజిస్టుల సభ జరిగింది. బ్రిటన్ శాస్త్రవేత్త జైల్స్ బ్రిండ్లీ హోటల్ గదిలో తనకు తనే సూది వేసుకుని వచ్చి, నిండు సభలో ఫలితం చూపించాడు. 1995లో ఆల్‌ప్రోస్టాడిల్ సూదికి అమెరికాలో అనుమతి వచ్చింది. గుండె లోపంతో పుట్టిన పసిబిడ్డల ప్రాణం నిలబెట్టడానికి వాడే మందే అది. సిల్డెనాఫిల్ బిళ్ళ వచ్చింది ఆ తర్వాత, 1998 మార్చిలో.

బిళ్ళలొచ్చాక సూదిని అందరూ మరిచిపోయారు. నాకు దాన్ని గుర్తుచేసింది ఒక కౌలురైతు. 58 ఏళ్ళ మనిషి, పదిహేనేళ్ళుగా సుగరు. డాక్టరు రాసిన బిళ్ళలు అయిపోయాయి, ఖాళీ పత్తా నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. "పనిచెయ్యట్లేదు, అబ్బాయ్" అన్నాడు.

"భోంచేసిన వెంటనే వేసుకున్నావా, పెదనాన్నా?" అని అడిగాను. కడుపు నిండా తింటే ఆ బిళ్ళ ఆలస్యమవుతుంది. "లేదు, డాక్టరు చెప్పినట్టే వేసుకున్నా" అన్నాడు. బిళ్ళ పనిచెయ్యాలంటే ముందు నరం నుంచి కబురు రావాలి. ఏళ్ళ తరబడి సుగరున్నవాళ్ళకు నరాలూ రక్తనాళాలూ రెండూ దెబ్బతింటాయి. సూది మందు ఆ కబురు కోసం ఆగదు, కండరాన్ని నేరుగా సడలిస్తుంది. గుంటూరులో యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళమన్నాను. గుండె కూడా చూపించుకోమన్నాను. గుండెజబ్బుకు ఈ లోపం ముందస్తు కబురు కావచ్చు.

మొదటి సూది ఆసుపత్రిలోనే వేసి, మోతాదు తేల్చి పంపారు. మిగతాది వచ్చి నాకే చెప్పాడు: ఇన్సులిన్ సూది లాంటి సన్నటి సూది, మధ్యలో కాకుండా పక్కన వెయ్యాలి, ఈసారి కుడివైపైతే మళ్ళీసారి ఎడమ, తర్వాత కాసేపు గట్టిగా నొక్కిపట్టాలి. నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ చివరి మాట నేను రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఇప్పుడు కొత్త సూదుల మాట వినపడుతోంది. ముడతలకు వాడే బొటాక్స్‌ను బిళ్ళలు పనిచెయ్యనివాళ్ళకు ఇచ్చి చూస్తున్నారు. 11 మందికి జన్యుచికిత్స సూది వేసి చూసిన ఫలితాలను న్యూయార్క్ బృందం 2006లో ప్రకటించింది. మూలకణాలు పరిశోధన దశలో, ప్లేట్‌లెట్లు ప్రయోగ దశలో ఉన్నాయని 2018లో అమెరికా యూరాలజిస్టుల సంఘం చెప్పింది. పరిశోధన జరగాలి. కానీ ఇంకా పరీక్షలోనే ఉన్నదాన్ని తేలిపోయిన వైద్యమని చెప్పి వేలకు వేలు గుంజడం పాత లాడ్జి గది పనే. మూలకణాల చికిత్స పరిశోధనలో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి. "ఇది పరీక్షలో ఉందా, నాకు రాసిస్తారా, డబ్బెందుకు?" అని ఎవరైనా అడగొచ్చు. విరాగ్, బ్రిండ్లీ తమకు తెలిసింది నలుగురి ముందు పెట్టారు, తోటి డాక్టర్లు పరీక్షించి చూసే వీలిచ్చారు. లాడ్జి డాక్టరు మన సిగ్గు మీద బతికాడు.

కొన్ని నెలలకు ఆ రైతు మళ్ళీ వచ్చాడు. పగలు పదకొండు గంటలు, కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. తలనొప్పి మాత్ర అడగలేదు. చీటీ మడవకుండా కౌంటరు మీద పరిచి, "నా సూది మందు, అబ్బాయ్" అన్నాడు.