ఆకు ఓడెక్కింది, పొడి మనకి మిగిలింది

కిరాణా చీటీలో మనం "టీపొడి" అనే రాస్తాం. "టీ ఆకు" అని రాసిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. కందిపప్పు, చింతపండు, టీపొడి. పేరులోనే పొడి ఉంది కాబట్టి ఇది పొడిగానే పుడుతుందేమో అన్నట్టు ఉంటాం. చైనాలో మాత్రం కథ ఇటునుంచి అటు నడిచింది. వాళ్ళకి ముందు ముద్ద, తరవాత పొడి, చివరికి ఆకు.

టాంగ్ రాజుల కాలంలో తేయాకును ఆవిరి పట్టి, దంచి, బిళ్ళలుగా ఒత్తి ఆరబెట్టేవారు. కావలసినప్పుడు బిళ్ళను కాల్చి, నూరి, నీళ్ళలో వేసి కాచేవారు. 8వ శతాబ్దంలో లూ యూ అనే ఆయన టీ గురించే ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన చిటికెడు ఉప్పు ఒప్పుకున్నాడు కానీ, అల్లం, పుదీనా, ఉల్లి వేసి కాచేవాళ్ళను బాగా తిట్టిపోశాడు. మన అల్లం టీ చూస్తే ఏమయ్యేవాడో పాపం. తరవాత సాంగ్ కాలంలో మెత్తటి పొడి చేసి, వేడినీళ్ళలో వెదురు కుంచెతో నురగ వచ్చేలా గిలకొట్టి తాగారు. ఆ పద్ధతే జపాను వెళ్ళి ఇప్పటికీ మాచా పేరుతో బతికి ఉంది.

1391లో మింగ్ వంశపు మొదటి చక్రవర్తి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. కప్పంగా పంపే తేయాకును ఇకమీదట బిళ్ళలుగా ఒత్తక్కర్లేదు, విడి ఆకుగానే పంపండి అని. ఆయన పుట్టింది నిరుపేద రైతు ఇంట్లో. ఆ బిళ్ళల తయారీలో జనం ఎంత నలిగిపోయేవారో ఆయనకి తెలుసు. పని తగ్గించడానికి ఇచ్చిన ఆజ్ఞ లోకంలో టీ రూపాన్నే మార్చేసింది. ఆకును నానబెట్టాలి కాబట్టి మూత, ముక్కు ఉన్న కుండ కావలసి వచ్చింది. అలా వచ్చిందే టీపాట్.

ఈ చరిత్రంతా నేనెందుకు చదివానంటే, కారణం మా అత్తయ్య షుగరు. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. రోజుకి ఐదు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార, చిక్కటి పాలు. డాక్టరు పంచదార పూర్తిగా మానమన్నాడు, పాలు తగ్గించమన్నాడు. అన్నం తగ్గించారు, మామిడిపండు మానేశారు, నోరెత్తలేదు. టీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముఖం వాడిపోయింది. పంచదార లేని పొడి టీ నోట్లో పెట్టుకుంటే వగరు, చేదు. దాన్ని కప్పడానికే అన్ని పాలు, అంత పంచదార మనం పోస్తున్నామని అప్పుడే తట్టింది. మరి పాలూ పంచదారా లేకుండా కోట్లమంది దీన్ని ఎలా తాగుతున్నారు? వాళ్ళు తాగేది ఆకు. సరే, ఆకే తెప్పిద్దాం అనుకున్నాను. ఒకేసారి కాకుండా, ఏడాదిగా యాభై గ్రాముల పొట్లాలు ఒక్కోటీ తెప్పిస్తూ వచ్చాం.

ఇక్కడ మా ఇంటి భాషా తగాదా ఒకటి చెప్పాలి. నేను వరంగల్లు పిల్లని, మాకు చాయ్. అత్తారిది విజయనగరం వైపు, వాళ్ళకి టీ. పెళ్ళైన కొత్తలో "చాయ్ పెట్టనా" అంటే మా ఆడపడుచు నవ్వేది. తీరా చూస్తే రెండూ చైనా మాటలే. ఒకే అక్షరాన్ని చైనాలో ఎక్కువమంది "చా" అని చదువుతారు, ఫూజియన్ తీరంవాళ్ళు "తే" అంటారు. చా అనే మాట నేలదారిన పారశీకం చేరి చాయ్ అయి, ఉర్దూతో మా తెలంగాణకి వచ్చింది. తే అన్నది డచ్చివాళ్ళ ఓడలెక్కి, ఇంగ్లీషువాళ్ళ నోట టీ అయి కోస్తాలో దిగింది. "తేయాకు"లో ఉన్న తే కూడా అదే. కాబట్టి మా ఆడపడుచూ నేనూ ఇద్దరం కరెక్టే.

ఇంకో సంగతి. గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్ అన్నీ ఒకే చెట్టు ఆకు. 18వ శతాబ్దంలో లిన్నేయస్ అంతటి వృక్షశాస్త్రజ్ఞుడు కూడా వాటిని రెండు వేరువేరు మొక్కలుగా రాసుకున్నాడు. 1840లలో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండు తోటమాలి, తల గొరిగించుకుని, జడ కట్టుకుని, చైనా వేషంలో లోపలి ఊళ్ళు తిరిగి చూసొచ్చి, రెండూ ఒకటేనని తేల్చాడు. ఆయనే తరవాత ఈస్టిండియా కంపెనీ జీతం మీద వెళ్ళి తేయాకు విత్తనాలూ మొక్కలూ పనివాళ్ళనూ మన హిమాలయాల దిగువకి చేర్చాడు. నా దృష్టిలో అది దొంగతనమే, ఎంత సాహసంగా రాసినా.

తేడా అంతా కోసిన తరవాత చేసే పనిలో ఉంది. వంకాయ కోసి ఉప్పునీళ్ళలో వెయ్యకపోతే నల్లబడుతుంది కదా, ఆకు కూడా అంతే. వాడ్చి, నలిపి, గాలికి వదిలితే నల్లబడుతుంది, అది బ్లాక్ టీ. కోయగానే ఆవిరి పట్టో, మూకుడులో వేయించో ఆ నల్లబడే గుణాన్ని చంపేస్తే పచ్చగా ఉండిపోతుంది, అది గ్రీన్ టీ. సగంలో ఆపితే ఊలాంగ్.

కాచే పద్ధతి గురించి చెప్పాలంటే, అసలు కాయకూడదు. టీ రుచి చూసే నిపుణుల కోసం ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 100 మి.లీ. నీళ్ళకి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. అది తప్పులు పట్టడానికి పెట్టిన లెక్క, తాగడానికి మరీ కటువు. మా ఇంట్లో కుదిరింది 200 మి.లీ.కి 2 గ్రాములు, బ్లాక్ టీకి మూడు నిమిషాలు. చెంచా కొలత నమ్మకండి. డార్జిలింగ్ ఆకు పొడుగ్గా, తేలిగ్గా ఉంటుంది, ఊలాంగ్ ఉండలు చుట్టుకుని బరువుగా ఉంటాయి. వంటింటి కాటా ఉంటే దాని మీద తూచడమే మేలు. గ్రీన్ టీకి మరిగే నీళ్ళు పోస్తే చేదెక్కుతుంది, 70, 80 డిగ్రీలు చాలు. థర్మామీటరు లేకపోతే మరిగిన నీళ్ళు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండుసార్లు మార్చండి, మనం పిల్లలకి పాలు చల్లార్చినట్టే. ఇక నీళ్ళు. మా బోరు నీళ్ళతో పెడితే పైన తెట్టులాంటి పొర తేలింది, రంగు నల్లగా, రుచి మొద్దుగా. అది నీళ్ళలోని సున్నం పని. అదే ఆకు ఫిల్టరు నీళ్ళలో ఎర్రగా మెరిసింది.

రుచుల తీర్పు మా అత్తయ్యదే, నేను రాసుకునేదాన్ని. జపాను సెంచా: "తోటకూర ఉడకేసిన నీళ్ళు." వసంతంలో కోసే డార్జిలింగ్ మొదటి కోత: "ఏటమ్మా, ఏన్నీళ్ళా?" మే, జూన్‌లలో వచ్చే రెండో కోత మాత్రం రెండుసార్లు అడిగి తాగారు. దానికి నల్లద్రాక్ష వాసన ఉంటుంది. పచ్చదోమలు కొరికిన లేతాకు తనను కాపాడుకోవడానికి పుట్టించుకునే వాసనట అది. నీలగిరి ఆకు తేలిగ్గా, తేటగా ఉండి నిమ్మకాయ పిండితే మా అబ్బాయికి నచ్చింది. చైనా వూయీ కొండల నుంచి వచ్చే లాప్సాంగ్‌ను దేవదారు జాతి కట్టెల పొగలో ఆరబెడతారు. దాని పొట్లం విప్పగానే ఆవిడ కళ్ళు మూసుకుని "మా అమ్మ పొయ్యి" అన్నారు. ఊలాంగ్ ఆకుకి ఒకసారి పోసిన నీళ్ళు వంచేసి మళ్ళీ పోయొచ్చు, నాలుగైదుసార్లు దిగుతుంది. పొదుపు మనిషి కనక ఆ గుణం ఆవిడకి భలే నచ్చింది, రుచి అంతగా నచ్చకపోయినా.

అస్సాం ఆకు తెప్పించిన రోజు సంగతి వేరు. దాన్ని గురించి రాసేవాళ్ళందరూ మాల్ట్ వాసన అంటారు. మనకి సుళువుగా చెప్పాలంటే మొలకెత్తించి వేయించిన రాగుల వాసన. పొట్లం మీద అస్సాం అని ఉందని మా అబ్బాయి చదివి వినిపించాడు. ఆవిడ ఆకును అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసి, "మా తాత తమ్ముడు ఈ తోటలకే ఎల్లిపోనాడు. మరి రానేదు" అన్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మావారు ఎప్పుడూ వినని మాట, నేనూ వినలేదు. పేరు అడిగితే ఆవిడకి తెలియదు. ఇంట్లో "తోటలాయన" అనేవారట.

ఉత్తరాంధ్రలో రంగం వెళ్ళినవాళ్ళ కథలు అందరికీ తెలుసు. రంగం అంటే రంగూన్. అస్సాం వెళ్ళినవాళ్ళ కథలు చెప్పుకునేది తక్కువ. కానీ అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా తోటలకి మనుషుల్ని పట్టుకెళ్ళారు. ఇప్పటికీ అస్సాం తేయాకు తోటల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి.

తెల్లవాళ్ళకి అక్కడ తేయాకు ఉందని తెలిసింది 1823లో. సింగ్ఫో గిరిజనులు ఎప్పటినుంచో ఆ ఆకును వెదురు బొంగుల్లో కూరి, పొగబెట్టి దాచుకుని తాగేవారు. మణిరాం దత్తా బరువా అనే అస్సామీ చెప్పగా రాబర్ట్ బ్రూస్ అనే వర్తకుడు వెళ్ళి చూశాడు. 1839 జనవరి 10న లండను వేలంలో అస్సాం తేయాకు మొదటి 8 పెట్టెలు అమ్ముడుపోయాయి. ఆ దారి చూపిన మణిరాం తరవాత సొంత తోటలు పెట్టాడు, కంపెనీతో చెడింది, 1858లో జోర్హాట్‌లో ఆయన్ని ఉరితీశారు. 1888 నాటికి బ్రిటన్ కొనే తేయాకులో చైనాను మన దేశం దాటేసింది.

అంత ఆకు కోయడానికి చేతులు కావాలి. స్థానికులు ఆ జీతానికి రాలేదు. ఆర్కాటీలనే దళారులు కరువు ఊళ్ళలో తిరిగి, డబ్బు ఆశపెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించి, బ్రహ్మపుత్ర మీద స్టీమర్లలో తీసుకుపోయేవారు. 1865 చట్టం ప్రకారం నెల జీతం మగవాళ్ళకి 5 రూపాయలు, ఆడవాళ్ళకి 4, పిల్లలకి 3. తోట వదిలి పారిపోతే వారంటు లేకుండా పట్టుకునే అధికారం దొరకే ఉండేది. 1921 మేలో చార్‌గోలా లోయ కూలీలు వేలమంది తోటలు వదిలి కాలినడకన ఇంటిదారి పట్టారు. చాంద్‌పూర్ స్టేషన్లో ఆగిన వాళ్ళ మీద రాత్రివేళ గూర్ఖా సిపాయీలను వదిలారు. తోటలాయన ఆ కాలంవాడో, అంతకు ముందువాడో మాకు లెక్క కుదరలేదు. మావారు రెండు రోజులు కాగితం మీద తరాలు వేసి చూసి మడిచి పెట్టేశారు.

మరి పొడి మన ఇంటికి ఎలా వచ్చింది? 1930ల దాకా పండిన ఆకులో చాలావరకు ఓడెక్కేది. ఆర్థికమాంద్యంలో ధరలు పడిపోయాయి. 1933లో భారత్, సిలోన్, డచ్చి తూర్పుదీవుల తోటలవాళ్ళు ఎగుమతులు తగ్గించుకుందామని ఒప్పందం చేసుకున్నారు. మిగిలిన సరుకును ఎవరికో ఒకరికి తాగించాలి కదా, అప్పుడు మనం గుర్తొచ్చాం. రైల్వేస్టేషన్లలో రేకు బోర్డులు, సంతల్లో ఉచితంగా కప్పులు, ఇల్లిల్లూ తిరిగి పెట్టి చూపించే మనుషులు. కుండ వేడి చేయండి, ఆకు వేయండి, నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఆగండి అని చెప్పేవారు. మనవాళ్ళు విన్నారు, వాళ్ళకి నచ్చినట్టు చేసుకున్నారు. చవకగా దొరికే నలగ్గొట్టిన పొడి, దండిగా పాలు, పంచదార, యాలకులు వేసి ఒకే గిన్నెలో మరిగించారు. ఇలా అయితే ఆకు ఖర్చు తగ్గిపోతుందని ప్రచారకులు మొత్తుకున్నారట. నాకైతే ఈ ఘట్టం చదివినప్పుడల్లా మన ఇల్లాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది. వగరు పొడిని కూడా తాగదగ్గదిగా చేసుకున్నారు.

గాంధీగారికి టీ ఇష్టం లేదు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా రాసిన ఆరోగ్యం పుస్తకంలో, మరిగించిన టీ కడుపుకి చెరుపని, తాగక తప్పకపోతే వడగట్టే జల్లెడలో ఆకు వేసి పైనుంచి వేడినీళ్ళు పోయాలని, కిందకి దిగిన నీళ్ళు గడ్డిరంగులో ఉండాలని చెప్పారు. చూడబోతే మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే.

1930ల మొదట్లోనే అస్సాంలో మెక్‌కర్చర్ అనే తోట మేనేజరు ఒక యంత్రం కనిపెట్టాడు. ఆకును పళ్ళ రోలర్ల మధ్య నలిపి, చీల్చి, గింజలుగా చుట్టేది. అదే సీటీసీ. త్వరగా దిగుతుంది, చిక్కగా దిగుతుంది, కిలోకి ఎక్కువ కప్పులొస్తాయి. పాలు పోసి మరిగించే దేశానికి అతికినట్టు సరిపోయింది. ఇప్పుడు మన దేశంలో తయారయ్యే టీలో నూటికి తొంభై వంతులు అదే, మొత్తం పంటలో నూటికి ఎనభై వంతులు తాగేదీ మనమే. ఆకు రూపంలో మిగిలిన కొద్దిపాటిదీ ఎక్కువగా ఇంకా ఓడలే ఎక్కుతోంది, అందుకే మన ఊరి కొట్లో అడిగితే "లేదమ్మా" అంటారు.

అత్తయ్య చివరికి అస్సాం ఆకు దగ్గర ఆగారు. 2 గ్రాములు, నాలుగు నిమిషాలు, దించాక ఒక చెంచాడు పాలు, పంచదార సున్నా. ఐదు కప్పులు మూడయ్యాయి. అన్నం తిన్న వెంటనే మాత్రం ఇవ్వను. కూరాకులో ఉన్న ఇనుమును వంటికి పట్టనివ్వదు టీ, ఆవిడకి రక్తం ముందే తక్కువ. నేను, మావారు పొద్దున్నే అల్లం దంచి పొడితోనే మరిగించుకుంటాం. లూ యూ తిట్టుకుంటే తిట్టుకోనీ. డార్జిలింగ్ రెండో కోత డబ్బాలో అడుగున పది గ్రాములుంది. కొత్తది జూలైలో వస్తుంది, అప్పటిదాకా ఆదివారాలకే.