రొట్టెతో పాటే పోయిన పచ్చి ముక్కలు

మన తిండి చరిత్ర రాసేవాళ్లు ఒక మాట తేలిగ్గా అనేస్తుంటారు. కూరగాయను పచ్చిగా తినడం తెలుగువాళ్ల అలవాటు కాదనీ, సలాడ్ కొంత దొరల బల్లల మీంచి, కొంత ప్రకృతి వైద్యుల ఆశ్రమాల నుంచి వచ్చిందనీ. డెల్టాను చూసి రాస్తే అలాగే అనిపిస్తుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఆ లెక్క కుదరదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకాలు కర్నూలువి. జిల్లా మారిన పుణ్యాన వీటి వంటను కూడా కోస్తా ఖాతాలో వేసేశారు. ఇక్కడి మెట్టపొలాల పాత తిండి మాత్రం జొన్నరొట్టె, సజ్జరొట్టె, సంగటి.

పాత సంగతులు అందరికీ తెలిసినవే. మన కావ్యాలు విందు భోజనాలను వర్ణించినంత ఇష్టంగా చేనిగట్టు మీద తినేవాడి వైపు చూడలేదు. శ్రీనాథుడి పేర చెలామణి అయ్యే చాటువులు పల్నాటి జొన్నకూటిని వెక్కిరించాయి గానీ, దాని పక్కన ఏం నంజుకునేవారో పట్టించుకోలేదు. మిరప పోర్చుగీసు ఓడల వెంట 16వ శతాబ్దంలో వచ్చింది, టమాటా ఇంకా ఆలస్యంగా. శ్రీరామనవమి వడపప్పు మాత్రం ఏటా కళ్ల ముందే ఉంది. నానిన పెసరపప్పు, దోస ముక్కలు, మామిడి తురుము, కొబ్బరి. పొయ్యి తగలని ఈ వంటకాన్ని ప్రసాదంగా లెక్కవేశారే తప్ప సలాడ్‌గా ఎవరూ చూడలేదు.

సిరియా, లెబనాన్‌ల ఫత్తూష్‌ను పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. దోస, టమాటా, ఉల్లి, పుల్లటి సుమాక్ పొడి, వాటిలో కరకరలాడే రొట్టె ముక్కలు. మిగిలిపోయిన రొట్టెను పారేయలేని ఇళ్లలో పుట్టిన తిండి అది. అందులో పడే ఆకుల్లో ఒకటి మన గంగవాయిల కూర. వాళ్లు పచ్చిగా వేస్తారు, మనం పప్పులో ఉడికిస్తాం. ఈ తేడాను చూపి మనకు పచ్చి తిండి లేదనడం తొందరపాటే. గట్టిగా కాల్చిన సజ్జరొట్టె, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, జొన్నచేలో సాళ్ల మధ్య పాకిన దోసకాయ, ఇవన్నీ కలిపి ఒక గిన్నెలో వెయ్యలేదన్నమాటే గానీ, నోట్లో కలిసేవి. రొట్టె పొడిగా ఉంటుంది కనుక రసమున్న పచ్చికాయ కోరుతుంది. అన్నానికి పప్పో పులుసో కావాలి. కూరగాయ పచ్చిగా ఉండాలో ఉడకాలో తేల్చేది దాని పక్కనున్న గింజే అని నా వాదన.

అందుకే రొట్టె పోగానే పక్కనున్న పచ్చి ముక్కలూ పోయాయి. మరి రొట్టె ఎప్పుడు పోయింది? చాలామంది 1983 అంటారు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ఏడాది. ఆ పథకం పని చేసిన మాట నిజమే, కానీ నేరమంతా దాని మీద మోపడం న్యాయం కాదు. విజయనగర కాలపు కంభం చెరువు కింద వరి శతాబ్దాలుగా పండుతూనే ఉంది. ఆయకట్టుకు ఆవల వరన్నం పండగ తిండి. ఏ రోజైనా తినగలిగే ధరకు బియ్యం వచ్చినప్పుడు పేదవాడు దాన్ని వద్దనుకోవాలని కోరే హక్కు ఎవరికుంది? పైగా రొట్టె అంటే ఆడవాళ్ల చాకిరీ. విసరాలి, పిండి కలపాలి, పొయ్యి సెగలో కూర్చుని ఒక్కొక్కటీ తట్టాలి. పదిమందికి అన్నం ఒక్క ఎసరుతో అయిపోతుంది. రొట్టె పోయిందని వగచే వ్యాసాల్లో ఈ మాట తరచూ కనబడదు.

అంతకన్నా బలమైన కారణం చేలో ఉందనుకుంటాను. జొన్న, సజ్జ చేలల్లో అనుములు, అలసందలు, దోస, బుడమకాయ కలిసి పెరిగేవి. ఆ భూముల్లోకి పత్తి, మిరప వచ్చాక సాళ్ల మధ్య పాదుకు చోటు పోయింది. అంతకన్నా ముఖ్యంగా, మందు కొట్టిన చేలో కాయ తెంపి పంచెకు తుడుచుకుని కొరకడం కుదరని పని అయింది. బియ్యం రాకపోయినా ఆ అలవాటు నిలిచేది కాదేమో.

ఇక ఆశ్రమాల మాట. 1929 ఆంధ్ర పర్యటనలో గాంధీకి రాజమండ్రి ప్రకృతి చికిత్సకుడు సుందరం గోపాలరావు పరిచయమయ్యారు. ఆ ప్రభావంతో గాంధీ కొన్ని నెలలు ఉడకని తిండి తిని, ఒంటికి పడక మానేశారు. తర్వాతి కాలంలో ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణ రాజు మాట ఇంటింటికీ చేరింది. వీళ్ల వల్ల పచ్చి కూరకు గౌరవం వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ అది పథ్యంగా మారింది. ఆకలికి తినేది పోయి రోగానికి తినేది మిగిలింది.

2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నారు. సాయంత్రాలు పట్టణాల రోడ్ల పక్కన జొన్నరొట్టెల బళ్లు నిండుగానే ఉంటున్నాయి, కొనేవాళ్లలో షుగరు ఉన్నవాళ్లే ఎక్కువ. సంతోషించాలో లేదో తెలియదు, ఎందుకంటే ఆ రొట్టెల పక్కన నూనె తేలే కుర్మా పోస్తున్నారు. బిర్యానీ పక్కన రెండు ఉల్లి చక్రాలు, నిమ్మచెక్క పెట్టి సలాడ్ అంటున్నారు. హైదరాబాదు హోటళ్లలో ఫత్తూష్ అడిగితే మైదా రొట్టె వేయించి చల్లుతారు. గిద్దలూరు సజ్జరొట్టె విరిచి వేస్తే దానికి వచ్చే లోపమేమిటో ఆ వంటవాళ్లే చెప్పాలి.