పెళ్ళి గౌను

ఆరేళ్ళు ఆన్‌లైన్‌లో సినిమాల గురించి పోట్లాడుకున్నాం, ఒక్కసారీ కలవలేదు. ఒంటరి ప్రయాణంలో ఎవరో ఆమెను చంపేశారు. విన్నవాళ్ళు మొదట అడిగింది ఒకటే: “ఒక్కతే ఎందుకెళ్ళింది?” గొంతయినా వినని మనిషి కోసం ఏడుస్తున్న నేను జవాబేం చెప్పను?

అప్పట్నుంచీ పిప్పా బాక్కా గురించి చదువుతున్నాను. మిలాన్ కళాకారిణి. 2008 మార్చి 8న సిల్వియా మోరోతో కలిసి, తెల్లటి పెళ్ళి గౌన్లలో, దారినపోయే బళ్ళను లిఫ్టు అడుగుతూ జెరూసలేంకి బయల్దేరింది. ఆపిన ఏ బండినీ కాదనకూడదన్నది నియమం. దారిలో మంత్రసానుల్ని కలిసి వాళ్ళ కాళ్ళు కడిగేది. (మన పెళ్ళిళ్ళలో కాళ్ళు కడిగించుకునేది వరుడు!) ఇస్తాంబుల్‌లో స్నేహితురాళ్ళిద్దరూ విడిపోయారు, బీరూట్‌లో కలుద్దామనుకుని. మార్చి 31న గెబ్జె దగ్గర బండెక్కించుకున్నవాడే అత్యాచారం చేసి చంపాడు. ఆమె ఫోన్లో తన సిమ్ వేసుకుని దొరికిపోయాడు. ఆమెకు 33 ఏళ్ళు.

అమాయకురాలు అన్నారు చాలామంది. నేనొప్పుకోను. అంతకుముందు మూడు వారాలపాటు ఎందరో ఆమెను క్షేమంగా దింపారు. వాళ్ళందర్నీ లెక్కలోంచి తీసేసి, ఒక్కడు చేసిన దారుణాన్ని ఆమె పద్దులో రాయడం ఏం న్యాయం?

టర్కీ దర్శకురాలు బింగోల్ ఎల్మాస్ నల్ల గౌను వేసుకుని, పిప్పా ప్రయాణం ఆగిన చోటు నుంచి సిరియా సరిహద్దు వైపు తనూ లిఫ్టులు అడుగుతూ వెళ్ళింది. 2010 నాటి ఆ డాక్యుమెంటరీ పేరుకి అర్థం ‘పిప్పాకి నా ఉత్తరం’.

మా చాట్‌లో చివరి మెసేజ్ తనదే, బస్సు కిటికీలోంచి తీసిన ఫొటో. నేనింకా ఏమీ రాయలేదు.