240 చక్రాలు, ఏటిలో ఒక మట్టి దారి

తమిళనాడులోని వందవాసి నుంచి బెంగళూరుకు మామూలు లారీ ఒక్క రాత్రిలో వచ్చేస్తుంది. 2018 డిసెంబర్‌లో ఆ దగ్గరి కొరక్కోట్టై క్వారీ నుంచి బయలుదేరిన 240 టైర్ల ట్రైలర్ మాత్రం 2019లో వానలు మొదలయ్యాక గానీ బెంగళూరు ముఖం చూడలేదు. దాని మీద ఉన్నది ఒకే ఒక్క రాయి. పొడవు 64 అడుగులు, బరువు 350 టన్నుల పైమాటే. బెంగళూరులోని ఈజిపుర కోదండరామస్వామి ఆలయ ట్రస్టు 108 అడుగుల విశ్వరూప మహావిష్ణువును నిలబెట్టాలని తలపెట్టింది. పీఠం, ఆదిశేషుడు వేరు. స్వామి విగ్రహం మాత్రం ఏకశిల కావాలి. కొంత చెక్కుడు పని క్వారీలోనే చేసి, మిగిలింది బెంగళూరులో చేసుకుందామని రాయిని పడుకోబెట్టి బండికెక్కించారు.

కష్టాలు మొదటి మైలులోనే మొదలయ్యాయి. టైర్లు పేలాయి. చక్రాలు మట్టిలో దిగబడ్డాయి. పల్లెల్లో వీధి వెడల్పు చాలక ఇళ్ల ముందరి భాగాలూ దుకాణాలూ కొట్టించాల్సి వచ్చింది. పరిహారం బేరాలు ఒకవైపు, కర్పూర హారతులు ఇంకోవైపు. దేవుడే ఊరి మీదుగా వెళ్తున్నాడని జనం కొబ్బరికాయలతో ఎదురొచ్చారు. గోడ పోయిందని ఉదయం తగువుపడి, సాయంత్రం అదే రాయికి దండం పెట్టుకున్నవాళ్లు కూడా ఉండే ఉంటారు.

ఇంత బరువు లాగడానికి ఎంత పెద్ద ఇంజన్ కావాలో అని మనం ఆశ్చర్యపోతాం. ఓడీసీ పనివాళ్లకు (కొలతలు మించిన సరుకుకు ఈ రంగంలో అదే పేరు) ఇంజన్ పెద్ద సమస్య కాదు. ఒక పుల్లర్ (లాగే బండి) చాలకపోతే ముందు ఇంకొకటి కడతారు, వెనక నుంచి నెట్టడానికి మరొకటి పెడతారు. ట్రైలర్‌దీ అదే పద్ధతి. ఎనిమిదేసి టైర్ల వరసలను ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతారు. పొడవుకూ తగిలించవచ్చు, వెడల్పుకూ తగిలించవచ్చు. ప్రతి ఇరుసుకూ హైడ్రాలిక్ సిలిండర్ ఉంటుంది. వాటిని నూనె గొట్టాలతో మూడు జట్లుగా కలుపుతారు. అందుకే నేల ఎగుడుదిగుడుగా ఉన్నా పైనున్న సరుకు ముక్కాలి పీట మీద కూర్చున్నట్టు నిలకడగా ఉంటుంది. గుంట వచ్చిన చోట సిలిండర్ సాగుతుంది, మిట్ట వచ్చిన చోట ముడుచుకుంటుంది. పక్కన నడుస్తున్న మనిషి గేజీల మీంచి చూపు తిప్పడు. బండి ముందు ఇంకొకరు కర్రతో కరెంటు తీగలను పైకెత్తి పట్టుకుంటారు.

లెక్క కూడా సులువే. 240 టైర్లంటే ఎనిమిదేసి చొప్పున 30 వరసలు. 350 టన్నులు పంచితే వరసకు పన్నెండు టన్నుల లోపు, ట్రైలర్ సొంత బరువు అదనం. మన రోడ్ల మీద తిరిగే మామూలు లారీలో నాలుగు టైర్ల ఇరుసుకే 2018 జూలై నుంచి 11.5 టన్నుల దాకా అనుమతి ఉంది. అంటే తారురోడ్డుకు ఈ రాయి కన్నా ఇసుక లారీయే ఎక్కువ బాధ పెడుతుంది.

చిక్కంతా వంతెన దగ్గరే. రోడ్డు కింద భూమి ఉంటుంది, వంతెన కింద ఉండదు. ఏ టైరు మీద ఎంత పడుతోందన్న పంపకం అక్కడ పెద్దగా పనికిరాదు, మొత్తం బరువు ఒక్కసారిగా కొద్దిపాటి దూలాల మీదికి వచ్చేస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల ప్రకారం పెద్ద వంతెనలను చాలాకాలం వంద టన్నుల చక్రాల బండినో, 70 టన్నుల ట్యాంకునో దృష్టిలో పెట్టుకుని కట్టారు. 2014లో వచ్చిన కొత్త నిబంధనల్లో గానీ 385 టన్నుల ప్రత్యేక వాహనం కనిపించదు: ఇరవై ఇరుసులు, ఇరుసుకు 18 టన్నులు, ముందు లాగే బండి అదనం. దానికీ షరతులున్నాయి. గంటకు 5 కిలోమీటర్లు మించకూడదు, వంతెన నడిమధ్యనే పోవాలి, ఆ సమయంలో ఇంకో వాహనం వంతెన మీద ఉండకూడదు. అంతకుముందు కట్టిన వంతెనలకు ఆ మాత్రం భరోసా కూడా లేదు.

కాబట్టి కృష్ణగిరి జిల్లాలో రాయి వంతెన ఎక్కలేదు, ఏట్లోకి దిగింది. పక్కనే ఏటికి అడ్డంగా మట్టి, రాళ్లు పోసి తాత్కాలిక దారి వేశారు. హోసూరు చేరువలో దక్షిణ పినాకిని మీద వేసిన మట్టి దారి వానకు కొట్టుకుపోతే మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ ఏరు పుట్టేది నందికొండల్లో. బెంగళూరు పక్కగానే పారి హోసూరు వైపు దిగుతుంది. అంటే ఏ నగరానికి రాయి పోతోందో ఆ నగరం వైపు నుంచి వచ్చే ఏరే ఎదురొచ్చి ఆపిందన్నమాట. హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. రోడ్డు పక్కన రోజుల తరబడి ఆగిన స్వామిని చూడటానికి వాళ్లూ బారులు తీరారు.

దక్షిణాదికి పెద్ద బరువులు కొత్త కాదు. కర్ణాటకలోని కార్కళలో 1432లో నిలిచిన 42 అడుగుల గోమటేశ్వరుణ్ణి ఇనుప చక్రాల బండి మీద వేలమంది గుట్టకు లాగారని ఆ తరవాతి కన్నడ కావ్యం చెబుతుంది. అదే కార్కళలో రెంజాళ గోపాలకృష్ణ శెణై చెక్కిన 39 అడుగుల బాహుబలి 1973లో చక్రాల ట్రాలీ మీద ధర్మస్థలకు ప్రయాణం కట్టాడు. నడుమ, 1902కు ముందు, కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రానికి వెళ్లిన యంత్రాలు ఇంకో కథ. జూరిచ్‌లోని ఎషర్ విస్ టర్బైన్లు, అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ వారి డైనమోలు ఓడా రైలూ దిగాక ఏనుగుల సాయంతో, ఎద్దులబండ్ల మీద కావేరి దాకా పోయాయి. 1902 జూన్ 30న అక్కడి కరెంటు 92 మైళ్ల తీగ మీద కోలారు బంగారు గనులకు చేరింది. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. ఆ బరువులు మోయడం ఏనుగులకు సాధ్యమైంది యంత్రాలు విడిభాగాలుగా వచ్చాయి కాబట్టే.

విడగొట్టడానికి వీల్లేని బరువంటే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది హుస్సేన్ సాగర్ బుద్ధుడే. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా 1985లో భువనగిరి దగ్గరి రాయగిరి తెల్ల గ్రానైట్‌ను గణపతి స్థపతి బృందం చెక్కడం మొదలుపెట్టింది. 58 అడుగులు, సుమారు 350 టన్నులు. అంటే బరువులో ఈజిపుర రాయికి ఇంచుమించు జోడీ. 192 చక్రాల ట్రైలర్ మీద హైదరాబాద్‌కు తెచ్చారు, దానికోసం నగరంలో రోడ్లు వెడల్పు చేశారు. రోడ్డు మీద క్షేమంగా వచ్చిన విగ్రహం 1990 మార్చి 10న గట్టు నుంచి సాగర్ మధ్యకు పోయే కొద్దిపాటి నీటిదారిలో పడవ ఒరిగి మునిగిపోయింది. మనుషుల ప్రాణాలు పోయాయి. పైకి తీసి సాగర్ నడుమనున్న జిబ్రాల్టర్ రాక్ మీద నిలబెట్టింది 1992 డిసెంబర్ 1న. నా దృష్టిలో ఈ రెండు ప్రయాణాలదీ ఒకే పాఠం కాదు. హైదరాబాద్‌లో దారి ముందే సిద్ధం చేసుకుని బండి కదిపారు, చివరి అడుగు నీళ్ల మీద తప్పింది. కొరక్కోట్టై రాయి ముందు కదిలింది, దారి దాని వెనకాల పడింది. ఊరికో అనుమతి, ఏటికో మట్టికట్ట చొప్పున నెలలు కరిగిపోయింది అందుకే.

బెంగళూరులో కొత్తగా నిలిచిన ఇంకో 108 అడుగుల మూర్తికి ఈ తిప్పలు లేవు. 2022 నవంబర్ 11న విమానాశ్రయం దగ్గర ఆవిష్కరించిన శిల్పి రామ్ సుతార్ చేసిన, నగర నిర్మాత కెంపేగౌడ కంచు విగ్రహం ముక్కలుగానే వచ్చింది. ఆ ఏడాది మేలో ఢిల్లీ నుంచి ప్రత్యేక ట్రక్కులో వచ్చిన నాలుగు టన్నుల ఖడ్గానికి విమానాశ్రయంలో పూజలు కూడా జరిగాయి. 2024 ఫిబ్రవరిలో చైనా నుంచి చెన్నై రేవులో దిగిన డ్రైవర్ లేని మెట్రో రైలు కూడా అలాగే, ఆరు పెట్టెలూ వేరువేరు ట్రైలర్ల మీద హెబ్బగోడి డిపోకు వచ్చింది. ఆ డిపో ఉన్నదీ హోసూరు రోడ్డు మీదే. ఒక్కో పెట్టె 40 టన్నుల లోపే కాబట్టి ఏట్లో మట్టి పోసే పని ఎవరికీ పడలేదు. రేవులో దిగిన కొద్దిరోజులకే రైలు డిపోలో ఉంది.