తూటాలు తక్కువున్న ఆట

1981లో ఆపిల్ 2 కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళని ఒక గొంతు ఉలిక్కిపడేలా చేసింది: "హాల్ట్!" గరగరమంటూ, సగం అర్థమయ్యీ కాకుండా. ఆ మెషీన్లో ఉన్నది బీప్‌మనే చిన్న స్పీకరే. దాంతోనే సైలస్ వార్నర్ నాజీ కాపలావాళ్ళ చేత జర్మన్ మాట్లాడించాడు. బాల్టిమోర్‌కి చెందిన మ్యూజ్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఆ ఆట పేరు 'కాజిల్ వుల్ఫెన్‌స్టైన్'.

ఆడేవాడు ఒక ఖైదీ. కోటలో దాచిన యుద్ధ ప్రణాళికలు వెతికి పట్టుకుని బయటపడాలి. చేతిలో పిస్తోలు ఉంటుంది గానీ తూటాలు కొన్నే. పైగా పేలిన చప్పుడుకి కాపలావాళ్ళు వచ్చిపడతారు. అందుకే కాల్చకుండా నెగ్గుకురావడంలోనే ఉంది అసలు తెలివంతా. గురిపెట్టి చేతులెత్తించొచ్చు, జేబులు వెతకొచ్చు, యూనిఫాం దొరికితే తొడుక్కుని వాళ్ళ ముందునుంచే నడిచిపోవచ్చు. ఎస్‌ఎస్ వాళ్ళు మాత్రం వేషాన్ని నమ్మరు.

1992లో ఐడి సాఫ్ట్‌వేర్ ఇదే కోటని 'వుల్ఫెన్‌స్టైన్ 3డి'గా మళ్ళీ కట్టింది. శవాల్ని ఈడ్చి దాచడం, జేబులు వెతకడం వాళ్ళూ మొదట్లో పెట్టి చూశారు. ఆట వేగం తగ్గుతోందని తీసేశారు. మిగిలింది పరుగు, కాల్పులు. షూటింగ్ గేమ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఆ రెండే.

ఆ వేగంలో మజా లేదని కాదు. కానీ తూటాలు అయిపోతాయన్న భయమే వార్నర్ ఆటలో 'కాల్చాలా, వద్దా?' అని ఆలోచింపజేసేది. తూటాలు దండిగా దొరికాక, ఆ ప్రశ్నతో ఎవరికీ పనిలేకుండా పోయింది.